చెవి బొమ్మ

ఆ చెవి బొమ్మని చూస్తేనే బైరాగికి అరికాలి మంట నెత్తికెక్కేది.

కంప్యూటరు తెర మీద ఎర్రటి గుండ్రం, అందులో తెల్లటి చెవి, చెవి పక్కన మూడు వంకర గీతలు. దాని మీద నొక్కితే ఎవరో ఆడమనిషి తెలుగులో పాఠం చెబుతుందట. ‘అట’ అనే అనుకోవాలి, బైరాగికి ఆమె మాట ఒక్కటీ అందదు. ఎడమ చెవి పోయి పదిహేనేళ్లయింది. కుడి చెవి, ఎవరైనా ఎదురుగా నిలబడి పెదాలు కనిపించేలా గట్టిగా చెబితే, రూపాయికి ఆరణాల వంతు పనిచేస్తుంది. తెరలోని ఆడమనిషికి పెదాలు లేవు. అసలు ముఖమే లేదు.

సోంపేట దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదో ఏట కలకత్తా రేవున్న గార్డెన్ రీచ్ వచ్చి, ఎనిమిదేళ్లు ఓడల కడుపుల్లో కూర్చుని సుత్తితో తుప్పు రాల్చాడతను. ఇనప గదిలో పదిమంది కూర్చుని పది సుత్తులు కొడితే చెవులు ఏమైపోతాయో ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆ మోతలో వినపడేది కాదు. తర్వాత రేవు గట్టున క్రేను నడపడం నేర్చుకున్నాడు. పంతొమ్మిదేళ్లుగా అదే పని. క్రేను గదిలో చెవులతో పనిలేదు. నలభై అడుగుల ఎత్తున, మోటారు రొదలో, ఎంత మంచి చెవులున్నవాడికైనా కింది కేక అందదు. ఓడ మీద నిలబడి సిగ్నలిచ్చే మనిషి చేత్తో చూపించిందే మాట. చెయ్యి పైకెత్తి వేలు తిప్పితే బరువు ఎత్తాలి. కిందికి చాపి తిప్పితే దించాలి. రెండు చేతులూ బారచాపితే ఎక్కడిదక్కడ ఆపాలి.

చెవుల సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు పెళ్లాం పున్నమ్మ. రెండోవాడు అంత కాలమూ కింద నిలబడి సిగ్నలిచ్చిన గవరయ్య. కంపెనీ డాక్టరు ఏటేటా “వినిపిస్తోందా?” అని అడిగేవాడు. ఆ ఒక్క మాటకి పెదాలు ఎలా కదులుతాయో బైరాగికి కంఠతా వచ్చు. “హా బాబూ” అనేవాడు. డాక్టరు సంతకం పెట్టేవాడు.

అలా గడిచిపోయేదే. కానీ రెండువేల పది వేసవిలో, రేవులో సరుకు దించే ఆ కంపెనీ, భద్రత పాఠాలన్నీ ఇంటర్నెట్లో పెట్టింది.

ఫోనులోనో కంప్యూటరులోనో పాఠం చూడాలి. చివర ఇరవై ప్రశ్నలు. పదహారు ఒప్పవ్వాలి. మూడే అవకాశాలు. నెలాఖరు శనివారం లోపల తేలనివాడు యంత్రం దిగి గట్టు మీద బస్తాలు మొయ్యాలి. బైరాగికి మోకాళ్లు వాచి రెండేళ్లయింది. క్రేను నిచ్చెన ఎక్కి కూర్చుంటే చాలు, ఆ తర్వాత మోకాళ్లతో పనిలేదు. కుర్చీ పోతే మాత్రం బస్తాతో ఏటవాలు చెక్క పలక మీద నడవాలి. ఎన్ని రోజులు నడుస్తాడో అతనికీ తెలుసు, పున్నమ్మకీ తెలుసు.

బైరాగి నెమ్మదిగా హల్దార్ బాబు దగ్గరికెళ్లాడు. హల్దార్ బాబు ఆ గట్టుకి సూపర్‌వైజరు. చెడ్డవాడు కాదు. కాయితాల మనిషి.

“బంగ్లా వాళ్లకి అక్షరాలున్నాయి బాబూ. హిందీ వాళ్లకీ ఉన్నాయి. తెలుగుకి చెవి బొమ్మ ఒక్కటే ఉంది,” అన్నాడు తనకొచ్చిన హిందీలో.

“మీకోసమే కదా అలా చేయించాం!” హల్దార్ బాబు ముఖం వెలిగిపోయింది. “మీ బస్తీలో చదువు రాదని తేలింది. అందుకని చక్కగా చదివి వినిపించమన్నాం. హాయిగా కూర్చుని విను.”

బైరాగి తలూపి వచ్చేశాడు. అతను ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. ఇంటికి ఎండుచేపలు చుట్టుకొచ్చిన పాత పేపరు ముక్కని కూడా కడిగి, ఆరబెట్టి, చదివేవాడు. సగం బస్తీకి ఉత్తరాలు రాసిపెట్టింది అతనే. ‘నాకు చదువొచ్చు బాబూ, వినపడదు’ అంటే ఒక్క మాటతో పాఠం కష్టం తీరిపోతుంది. కుర్చీ కూడా పోతుంది.

మొదట గవరయ్య ఫోనులో చూశారు. నాలుగు స్పీకర్లున్న చైనా ఫోను, మోగితే వీధంతా లేచి కూర్చుంటుంది. బైరాగి ఇంటి గడపలో ఇద్దరూ తలలు ఆనించి కూర్చున్నారు. చాలాసేపు ఒక చక్రం తిరిగింది. తర్వాత పాఠం పేరు ఉండాల్సిన చోట వరసగా చిన్న చిన్న ఖాళీ డబ్బాలు వచ్చాయి.

“ఇదేటి బావా, తెలుగేనా?” అన్నాడు గవరయ్య.

“ఇటికల బట్టీలాగున్నాది.”

డబ్బాల కింద అగ్గిపెట్టెంత బొమ్మ కదిలింది. పసుపు టోపీ పెట్టుకున్న మనిషొకడు గుండెల దగ్గర చేతులు పెట్టుకుని వేలు తిప్పుతున్నాడు.

“ఈడేటి, అంబలికి చోడిపిండి కలుపుతన్నాడా?” అన్నాడు బైరాగి.

“సిగ్నలంట బావా,” అన్నాడు గవరయ్య గొంతు విని. మళ్లీ తనే తెల్లబోయాడు.

“ఇదా సిగ్నలు? ఇలగ సూపిత్తే పైనుంచి నీకు కనిపిస్తాదేటి?”

“నాకు కనిపించడం మాట ఒగ్గీ. ఆ ఆడమనిషి ఏటి సెప్తన్నాదో అది సెప్పు.”

గవరయ్య చెప్పబోయేలోపు బొమ్మ ఆగిపోయి మళ్లీ చక్రం తిరిగింది. పున్నమ్మ గిన్నె కడుగుతూ వచ్చి తొంగి చూసింది. బైరాగి ముఖానికెదురుగా ఒంగి, “ఏటయ్యా, మీరిద్దరూ అరగంటనుంచి ఆ చక్రం సూత్తన్నారు, తిరనాలకెల్లినట్టు?” అంది.

మర్నాడు బంద్. దుకాణాలన్నీ మూత. ఆ మర్నాడు మోంటూ నడిపే ఇంటర్నెట్ కొట్టుకెళ్లాడు బైరాగి. తెర పెద్దది, బొమ్మ పెద్దది, మాట మాత్రం ఇక్కడా ఆ చెవిలోంచే రావాలి. ప్రశ్నలు కూడా గొంతే అడుగుతుంది. తెర మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలుంటాయి. ఏ అంకె ఏమిటో గొంతుకే ఎరుక. మోంటూ చెవులకి పెట్టుకునే డిప్పలు తెచ్చిచ్చాడు. “పెట్టుకో దాదా, బాగా వినిపిస్తుంది.” బైరాగి పెట్టుకున్నాడు. లోపల దోమ తిరిగినట్టుంది. దోమ ఆగినప్పుడల్లా ఒక అంకె నొక్కాడు. ఇరవైకి నాలుగు ఒప్పయ్యాయి.

“ఆ నాలుగైనా ఎలా వచ్చాయి దాదా?” అన్నాడు మోంటూ.

రెండోసారి గవరయ్యని వెంటబెట్టుకెళ్లాడు. గవరయ్య గొంతు వింటూ సైగ చెయ్యాలి, బైరాగి నొక్కాలి. పంతొమ్మిదేళ్లలో వాళ్లిద్దరి మధ్యా కంపెనీకి తెలియని సైగలు బోలెడు పుట్టాయి. టీ వచ్చింది, బాబు వస్తున్నాడు, ఇంట్లో పోట్లాట అయింది, ఇవాళ చేపల కూర. అన్నిటికీ సైగలున్నాయి. కానీ ‘అత్యవసర ద్వారం’ అన్న మాటకి లేదు. గవరయ్య చేతులతో తలుపు చూపించాడు, ముఖం భయంగా పెట్టాడు, కుర్చీలోంచి లేచి రెండడుగులు పరిగెత్తాడు.

“ఎవుడు తరుముతన్నాడు?” అన్నాడు బైరాగి.

“ఎవుడూ తరమట్లేదు! తలుపు, తలుపు!”

పక్క కంప్యూటరు దగ్గర కూర్చున్న ఆసామి తన పని మానేసి వీళ్లని చూస్తున్నాడు. అయినా ఎలాగో ఎనిమిది ప్రశ్నలు లాక్కొచ్చారు. తొమ్మిదోదానికి గవరయ్య చెయ్యెత్తాడో లేదో ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది, వీధి పొడవునా “ఓ...” అని ఒక నిట్టూర్పు వినపడింది. బైరాగికి వినపడలేదు, జనం నోళ్లు తెరవడం చూసి తెలుసుకున్నాడు. లోడ్‌షెడ్డింగ్.

కరెంటు వచ్చాక చూస్తే ఆ అవకాశం అయిపోయినట్టు లెక్క. మిగిలిన అవకాశం ఒకటేనని తెర మీద అంకె వచ్చింది. అక్షరాలు లేకపోయినా అంకె మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది.

ఆ వారమే గవరయ్యని రెండో ఓడకి మార్చారు. అతని స్థానంలో మరియదాసు వచ్చాడు. పాతికేళ్లవాడు, పుట్టింది పెరిగింది ఇక్కడే. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. ఫోనులో పాఠం చూసి ఇరవైకి ఇరవై తెచ్చుకున్నాడని హల్దార్ బాబు అందరి ముందూ వీపు తట్టాడు.

బుధవారం పొద్దున పప్పుధాన్యం ఓడ. బైరాగి పైనుంచి చూస్తే మరియదాసు ఓడ అంచున నిలబడి గుండెలకి చేతులానించి ఏదో గొణుగుతున్నట్టున్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడేమో, చెయ్యనీ అనుకున్నాడు బైరాగి. కాసేపటికి అది సిగ్నలని అర్థమైంది. ఏ సిగ్నలో మాత్రం కాలేదు. భుజాలు కదిలిన తీరుని బట్టి ఊహించుకుంటూ గంటసేపు నడిపాడు. మెడ నరాలు పట్టేశాయి.

పదకొండు గంటల వేళ వలనిండా బస్తాలు ఓడలోంచి ఎత్తి గట్టు మీదికి దించుతున్నాడు. మరియదాసు గుండెల దగ్గర ఏదో చేశాడు. ఆపమన్నాడో, దించమన్నాడో. బైరాగి దించుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి గట్టు మీద మనుషులు కాకుల్లా చెదిరిపోవడం కనిపించింది. బ్రేకు తొక్కాడు. వల ఊగి ఒక బస్తా జారి పగిలింది. కందులు గట్టంతా పరుచుకున్నాయి. ఆ బస్తా పడిన చోటికి రెండడుగుల దూరంలో ఒక ముసలి కూలీ నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. దెబ్బ తగల్లేదు.

దిగి వచ్చేసరికి హల్దార్ బాబు సిద్ధంగా ఉన్నాడు.

“ఆపు ఆపు అని మరియదాసు అరిచాడు. ఓడ కెప్టెనుక్కూడా వినపడింది. నీకు వినపడలేదా?”

బైరాగి క్రేను గది వైపు చూపించాడు. “తలుపు మూసుంది బాబూ. మోటారు రొద.”

హల్దార్ బాబు ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. బైరాగి కళ్లు దించలేదు. దించితే పెదాలు కనపడవు.

“ఆఖరి అవకాశం కూడా అయ్యిందా, ఇంకా ఉందా?”

“ఉంది బాబూ.”

“శనివారం,” అని వేలు చూపించి వెళ్లిపోయాడు.

బైరాగి మరియదాసుని పక్కకి లాగాడు. “సిగ్నలెవడు నేర్పినాడురా నీకు?”

“పాఠంలో అలాగే ఉన్నాది పెదనాన్నా! సూడు కావాలంటే.” వాడు ఫోను తీసి చూపించబోయాడు. “నాకు ఇరవైకి ఇరవై. నీకెన్ని?”

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది బైరాగికి. కానీ ఏం లాభం? వాడికి నేర్పింది నేర్పినట్టే చేశాడు.

గురువారం, ఊళ్లో కంప్యూటరు ఆఫీసులుండే సాల్ట్ లేక్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, పేరు జానకిరామ్. పాఠాలు తయారు చేసింది అతని ఆఫీసే. ఏ భాషవాళ్లకి ఎలా ఉండాలి, ఏ తెర మీద ఎలా కనపడాలి అని సర్దేది అతనే. కరీంనగర్ వైపు మనిషి, కలకత్తా వచ్చి ఏడాది. తెలుగువాళ్లే ఎక్కువమంది ఎందుకు తప్పుతున్నారో కనుక్కు రమ్మన్నారట. హల్దార్ బాబు అతన్ని తెచ్చి సరిగ్గా బైరాగి ముందే నిలబెట్టాడు.

“నమస్తే అంకుల్. పాఠంల ఏమన్న ఇబ్బంది అయితున్నదా?”

బైరాగి అతని పెదాల్నే చూస్తూ, మాట కూడదీసుకుని, “పైకి రా బాబూ. సూపిస్తాను,” అన్నాడు.

“క్రేన్ మీదికా?”

“మరి ఇబ్బంది అక్కడే గదా ఉన్నాది.”

జానకిరామ్ నిచ్చెన ఎక్కడానికి పావుగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు కళ్లు మూసుకున్నాడు. పైన ఒకే కుర్చీ. బైరాగి మోటారు ఆపి, అతన్ని అందులో కూర్చోబెట్టి, తను తలుపు దగ్గర నిలబడి కిందికి చెయ్యూపాడు. ఓడ అంచున మరియదాసు సిగ్నలిచ్చాడు.

“ఏటంటన్నాడు?”

జానకిరామ్ అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. “ఏం కనిపిస్తలేదు అంకుల్. చొక్కా గుండీలు పెట్టుకుంటున్నడా?”

“ఉండు.” బైరాగి పక్క ఓడ వైపు తిరిగి ఈల వేశాడు. అక్కడున్న గవరయ్య తలెత్తి, రెండు చేతులూ బారచాపాడు. నదికి అడ్డంగా కర్ర పెట్టినట్టుంది.

“స్టాప్!” అన్నాడు జానకిరామ్, చిన్నపిల్లాడిలా.

“ఆఁ. అదీ సిగ్నలంటే. నువ్వు నేర్పినది చోడిపిండి కలపడం. నిన్న ఒక ముసిలోడు సచ్చిపోబోయినాడు.”

జానకిరామ్ ముఖం పాలిపోయింది. “మొదలు చేతులు మొత్తం చాపే తీసినం అంకుల్. కంప్యూటర్ల మంచిగనే ఉండె. ఫోన్లకని చిన్నగ చేస్తే చేతులు తెర బయటికి పోయినయి. అందుకని యాక్టర్‌ని మళ్ల పిలిచి చేతులు దగ్గరికి పెట్టుకొమ్మన్నం. రెండింటికీ అదే వాడినం.”

బైరాగి అతన్ని ఎగాదిగా చూశాడు. రెండు మాటలు మాట్లాడితే మూడో మాట దాచుకునే మనిషి, ఆపుకోలేకపోయాడు.

“ఫోను సిన్నదని మడిసి సేతులు కురస సేస్తావా బాబూ? రేపు గుమ్మం సిన్నదంటే తలకాయ తీసి కింద పెట్టమంటావా?”

జానకిరామ్ చేతిలోని ప్రశ్నల కాయితం మడిచి విప్పాడు. బైరాగి తలుపు వైపు తిరిగి కింది ఓడని చూస్తూ నిలబడ్డాడు. వెనక కుర్చీలోంచి జానకిరామ్ అడిగాడు, “మీకెన్ని మార్కులొచ్చినయి అంకుల్?” జవాబు లేదు. మళ్లీ అడిగాడు. ఇంకాస్త గట్టిగా మూడోసారి అడిగాడు. చివరికి లేచి భుజం మీద చెయ్యేశాడు.

బైరాగి ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. జానకిరామ్ పెదాలు అప్పుడే ఆఖరి మాట పూర్తి చేశాయి. కుర్రాడి కళ్లు తన చెవి మీద ఆగడం బైరాగి చూశాడు. పదిహేనేళ్లుగా ఏ కళ్లూ అక్కడ ఆగకుండా చూసుకున్నాడతను.

దాచి లాభం లేదు. జానకిరామ్ చేతిలో తెలుగులో రాసుకున్న కాయితం ఉంది, పాఠం తాలూకు ప్రశ్నలు. బైరాగి దాన్ని తీసుకుని మొదటి పంక్తి గడగడా చదివాడు. “‘స్లింగు తెగినట్లు అనుమానం కలిగినపుడు మొదట ఏమి చేయవలెను?’ బరువు కట్టిన తాడు తెగేలాగుంటే ఎత్తకూడదు, కింద మడుసుల్ని తప్పించాలి. ఇది నాకు తెలవదా బాబూ? నాకు సదువొచ్చు. వినపడదు. మీరేమో సదువు రాదని గొంతెట్టినారు. ఈ కాయితంలో ఉన్నది తెర మీద ఎట్టు, సాలు. ఈ మాట కింద ఎవుడికీ సెప్పకు. సెప్తే నా కుర్చీ పోతాది.”

“మేము అడిగిన పదిమందిల ఎనిమిదిమంది చదువరాదన్నరు అంకుల్,” అన్నాడు జానకిరామ్, ఎదురుగా నిలబడి, నెమ్మదిగా, పెదాలు కనపడేలా. ఎవరూ చెప్పకుండానే అతను అలా మాట్లాడటం బైరాగి గమనించాడు.

“మిగిలిన ఇద్దరూ?”

జానకిరామ్ కాయితం జేబులో పెట్టుకుని, బైరాగి పాఠం చూసే కొట్టు ఎక్కడో అడిగాడు. “రేపు సాయంత్రం వస్త,” అన్నాడు.

అన్నట్టే శుక్రవారం సాయంత్రం మోంటూ కొట్టుకి వచ్చాడు. అక్షరాలు ఫోనులో డబ్బాలు కాకుండా ఒక్కో ప్రశ్ననీ బొమ్మగా తీసి పెట్టానన్నాడు. మొహంలో గర్వం దాగడం లేదు. తెర తెరిచాడు. బైరాగి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. గవరయ్య వెనక నిలబడ్డాడు.

ఎర్ర చెవి అక్కడే ఉంది. దాని పక్కన ఇంకో చెవి. నీలం గుండ్రంలో తెల్ల చెవి, మీద అడ్డంగా గీత. కింద బొమ్మగా చేసిన తెలుగు అక్షరాలు: ‘వినికిడి లోపం గలవారు ఇక్కడ నొక్కండి.’

బైరాగి దాని మీదికి వేలు తీసుకెళ్లి ఆపాడు.

“ఇది నొక్కితే ఎవుడికి తెలుస్తాది?”

“మీకు అక్షరాలొస్తయి అంకుల్.”

“అది కాదు. నొక్కినట్టు ఎవుడికి తెలుస్తాది?”

జానకిరామ్ తడుముకున్నాడు. “రిపోర్టుల పేరు పక్కన వస్తది. ఎంతమందికి పనికొచ్చిందో కంపెనీకి తెల్వాలె కద...”

“ఓరి నాయనో!” గవరయ్య నెత్తి కొట్టుకున్నాడు. “బావా, ఈ బాబు నిన్ను నూతిలోంచి తీసి సెరువులో పడేసినాడు.”

బైరాగి లేచిపోయాడు. కొట్టు గుమ్మం దాకా వెళ్లి, వీధి చూసి, మళ్లీ వచ్చాడు. జానకిరామ్‌కెదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“బాబూ, నువ్వు మంచోడివి. అందుకే సెప్తన్నాను. ఘాట్ కాడ పడవెక్కినావా ఎప్పుడైనా?”

“ఎక్కిన.”

“పాటు ఏళ నీళ్లు దిగిపోతే ఏటి సేస్తారు? ఏటవాలుగా పలక ఏస్తారు. దానిమీద సైకిలోడు ఎల్తాడు, బుట్ట ఎత్తుకున్న ఆడమడిసి ఎల్తాది, కుంటోడూ ఎల్తాడు. పలక కాడ ఎవడైనా నిలబడి ‘నువ్వు కుంటోడివేనా, పేరు సెప్పు’ అని రాసుకుంటాడేటి?”

జానకిరామ్ తెర మీది నీలం చెవి వైపు చూశాడు.

“అక్షరాలు అందరికీ ఎట్టీ. గొంతూ ఉండనీ. చెవులున్నోడు వింటాడు, సదువొచ్చినోడు సదూతాడు. రెండూ ఉన్నోడు రెండూ సేస్తాడు. ఎవడేటి సేసినాడో నీకెందుకు?”

“అది... మార్చాలంటే మా సార్‌ని అడగాలె అంకుల్.”

“అడుగు.”

జానకిరామ్ బయటికెళ్లి ఫోను చేశాడు. అద్దంలోంచి బైరాగి అతని పెదాలు చూస్తూ కూర్చున్నాడు. సగం ఇంగ్లీషు, అందలేదు. చెయ్యి ఊపడం మాత్రం అందింది. బతిమాలుతున్నాడు, తర్వాత వాదిస్తున్నాడు, తర్వాత అవతలి మాట పూర్తిగా వినకుండానే ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. లోపలికొచ్చి కూర్చుని కొట్టు మూసే దాకా పనిచేశాడు. మోంటూ మట్టి ముంతల్లో మూడుసార్లు టీ తెప్పించాడు. చివరికి నీలం చెవి పోయింది. ఎర్ర చెవి మిగిలింది. దాని కింద, అన్ని భాషలకీ, గొంతుతో పాటే అక్షరాలు కనపడసాగాయి. మోంటూ బంగ్లా పాఠం తెరిచి, గొంతు వింటూ అక్షరాలు చూస్తూ, “అరే, ఇలా ఉంటే నాకూ బాగుంది,” అన్నాడు.

“మరి సిగ్నలు బొమ్మల మాటేటి?” అన్నాడు బైరాగి.

“అవి మళ్ల తియ్యాలె. యాక్టర్, కెమెరా, పర్మిషన్లు... వచ్చే నెల అయితది కావచ్చు.”

“అందాకా?”

జానకిరామ్ తలొంచుకున్నాడు.

శనివారం పొద్దున బైరాగి ఒక్కడే మోంటూ కొట్టుకి వెళ్లి కూర్చున్నాడు. బయల్దేరేముందు పున్నమ్మ ఇంటి గుమ్మం దాకా వచ్చి, ముఖానికెదురుగా నిలబడి, “కంగారు పడకయ్యా,” అంది. అతను కంగారు పడలేదు. అక్షరాలు కళ్లెదుట ఉన్నాయి, ఊరి బడిలో పలక మీద ఉన్నట్టు. టోపీ ఎప్పుడు పెట్టాలి, స్లింగు ఎలా చూడాలి, గాలి ఎక్కువైతే ఏం చెయ్యాలి. ఏళ్ల తరబడి చేస్తున్నదే. ఒక్కోటీ చదివి, వేలితో గీసి, నొక్కుతూ పోయాడు. పదిహేడు ప్రశ్నలయ్యాయి.

మిగిలిన మూడూ సిగ్నళ్లు. పసుపు టోపీ మనిషి గుండెల దగ్గర చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ‘ఈ సైగ చూసి మీరు ఏమి చేస్తారు?’ ఎత్తుతాను, దించుతాను, ఆపుతాను, సైగ స్పష్టంగా లేనందున ఏమీ చేయను. పాఠానికి ఏ జవాబు కావాలో బైరాగికి తెలుసు. మొదటిదానికి ‘ఎత్తుతాను’, రెండోదానికి ‘దించుతాను’, మూడోదానికి ‘ఆపుతాను’. అవి నొక్కితే ఇరవైకి ఇరవై. నొక్కకపోతే, వెనకటి పదిహేడులో రెండు తప్పినా కుర్చీ పోయినట్టే.

బైరాగి తలెత్తి కొట్టులోని పంకా వైపు చూశాడు. అది ఇంకా తిరుగుతోంది.

బైరాగికి నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్న ముసలి కూలీ గుర్తొచ్చాడు. “నీ తాడు తెగ,” అని టోపీ మనిషిని తిట్టి, మూడింటికీ నాలుగో జవాబే నొక్కాడు.

పదిహేడు వచ్చాయి.

మధ్యాహ్నం హల్దార్ బాబు కాయితం చేత్తో పట్టుకుని గట్టు మీదే నిలదీశాడు. “పాసయ్యావు, సరే. కానీ మూడు తప్పులూ సిగ్నళ్ల దగ్గరేనా? ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాడికి సిగ్నళ్లు రావా? ఆ కుర్రాడు మరియదాసుకి ఇరవై వచ్చాయి! వచ్చే వారం ఆ పాఠం మళ్లీ చూడు.”

చెప్పడానికి బైరాగి నోరు తెరిచాడు. జానకిరామ్‌కి చెప్పినట్టే చేతులు చాపి, ముడిచి చూపించాడు. హల్దార్ బాబు కాయితం వైపే చూస్తూ, “పాఠంలో ఉన్నదే ఒప్పు,” అని సంతకం పెట్టేశాడు.

“హా బాబూ,” అన్నాడు బైరాగి.

నిచ్చెన ఎక్కాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. కుర్చీలో కూర్చుని అరచేతులతో దాని చేతుల్ని ఒకసారి నిమిరాడు. కింద మరియదాసు ఓడ అంచున నిలబడి గుండెల దగ్గర వేలు తిప్పాడు.

బైరాగి లీవరు మీంచి చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు.

మరియదాసు మళ్లీ తిప్పాడు. కొక్కెం కదల్లేదు. గట్టు మీద కూలీలు తలలెత్తి చూశారు. పక్క ఓడ మీద గవరయ్య పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. హల్దార్ బాబు క్రేను కిందికి వచ్చి, నోరంతా తెరిచి, మెడ నరాలు ఉబ్బేలా ఏదో అరుస్తున్నాడు. ఏమంటున్నాడో బైరాగికి ఒక్క ముక్క వినపడలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ చెవులు పోవడం అతనికి హాయిగా అనిపించింది.

మరియదాసు కింద హల్దార్ బాబుని చూశాడు, పైన బైరాగిని చూశాడు. చివరికి విసుగ్గా, కోపంగా, చెయ్యి తల మీదికి నిటారుగా ఎత్తి, వేలు గిర్రున తిప్పాడు.

బైరాగి లీవరు లాగాడు.